బొమ్మల పుస్తకం తర్వాత, లావు పుస్తకానికి ముందు

నెల్లూరు జిల్లా అల్లూరు దాటి సముద్రం వైపు వెళ్ళే దారిలో ఒక చిన్న బడిలో నేను పాఠాలు చెబుతాను. రెండేళ్ళ కిందట మూడో తరగతిలో ఒక పాప ఉండేది. అక్షరమాల వచ్చు, గుణింతాలు వచ్చు, ఒత్తులు చాలావరకు వచ్చు. బోర్డు మీద ఏ మాట రాసినా కూడబలుక్కుని చదివేది. ఒకరోజు బడి అలమరలోంచి ముప్పై రెండు పేజీల కథల పుస్తకం తీసి ఆ పాప చేతిలో పెట్టాను. అట్ట వెనక ‘ఏడేళ్ళు నిండిన పిల్లలకు’ అని ఉంది. పాపకి ఎనిమిదేళ్ళు. సరిపోతుందనుకున్నాను.

మొదటి వాక్యం ‘అడవి అంతా నిశ్శబ్దంగా ఉంది’. రెండు మాటలు గడగడా చదివింది. మూడో మాట మీద వేలు ఆగిపోయింది. ‘ని’ అంది. ‘శ’ అంది. కింద ఒత్తు చూసి మళ్ళీ ‘శ’ అంది. ‘బ్దం’ దగ్గర పెదాలు కదిలాయి గానీ మాట బయటికి రాలేదు. నా మొహం వైపు చూసింది. తనే చదవాలని నేను ఊరుకున్నాను. మళ్ళీ మొదట్నించి మొదలుపెట్టింది. ఈసారి ‘అడవి’ కూడా భయం భయంగా చదివింది. పుస్తకం మూసి ‘ఇది పెద్ద పిలకాయల పుస్తకం టీచర్’ అని నాకు ఇచ్చేసి, ఒకటో తరగతిలో చదివిన ఎనిమిది పేజీల బొమ్మల పుస్తకం తెచ్చుకుని కూర్చుంది. అందులో పేజీకి ఒకే వాక్యం. ఆ పుస్తకం మొత్తం ఆ పాపకి నోటికి వచ్చు.

ఎనిమిది పేజీల పుస్తకానికీ ముప్పై రెండు పేజీల పుస్తకానికీ మధ్య ఆ పాపకి కావలసిన పుస్తకం ఒకటి ఉండాలి. అది మా అలమరలో లేదు. ఈ వ్యాసం ఆ పుస్తకం గురించే. అది ఎలా ఉండాలి, ఎందుకు అలా ఉండాలి, తెలుగులో దాని లెక్క ఇంగ్లీషు లెక్కకి ఎందుకు సరిపోదు అన్నదే ఇక్కడ విడదీసి చూడాల్సిన చిక్కు.

ఇంగ్లీషులో ఈ రకం పుస్తకాలకి డెబ్భై ఏళ్ళ చరిత్ర ఉంది. 1950లలో అమెరికాలో బడి వాచకాలు చప్పగా ఉన్నాయని, అందుకే పిల్లలు చదువులో వెనకబడుతున్నారని పెద్ద చర్చ జరిగింది. ఆ చర్చ నడుస్తుండగానే 1957లో ఒక పిల్లి కథ వచ్చింది. పుస్తకం మొత్తానికి రచయిత వాడిన వేర్వేరు మాటలు 236 మాత్రమే. అదే ఏడాది ఒక ఎలుగుబంటి పిల్ల మీద ఇంకో పుస్తకం వచ్చింది. అందులో ఒకే పాత్రతో నాలుగు చిన్న కథలు, పేజీ పేజీకీ బొమ్మలు. చూడటానికి పెద్దవాళ్ళ పుస్తకంలాగే విషయసూచిక ఉంటుంది, చదవడానికి మాత్రం పసిపిల్లల చేతికి అందుతుంది. ఆ తర్వాత ఈ దారిలో వందలాది పుస్తకాలు వచ్చాయి. చిన్న చిన్న అధ్యాయాలు, పొట్టి వాక్యాలు, పెద్ద అచ్చు, మధ్య మధ్య బొమ్మలు. అక్కడ వీటిని ఎర్లీ చాప్టర్ బుక్స్ అంటారు. నేను పిల్లలతో ‘చిన్న అధ్యాయాల పుస్తకం’ అంటుంటాను.

ఆ నమూనాని యథాతథంగా తెలుగులోకి దించుకుంటే పని జరగదు. కారణం మన లిపిలో ఉంది.

ఇంగ్లీషు పిల్లవాడు గుర్తుపట్టాల్సిన అక్షరాలు ఇరవై ఆరు. పెద్దవీ చిన్నవీ కలిపినా యాభై రెండు. వాళ్ళకి స్పెల్లింగ్ బాధ వేరే ఉంది, అది నిజమే. మన పిల్లవాడికి అక్షరమాల అయిపోగానే అసలు పని మొదలవుతుంది. ప్రతి హల్లుకీ డజనుకి పైగా గుణింతపు రూపాలు. అన్నీ కలిపితే నాలుగు వందలు దాటతాయి. ఆ పైన ఒత్తులు. త, న, మ, య, ర, ల ఒత్తులకైతే అసలు అక్షరంతో పోలికే ఉండదు, విడిగా గుర్తుపెట్టుకోవాల్సిందే. ‘బ్దం’ అనే ఒక్క ముద్దలో బ, ద ఒత్తు, సున్న మూడూ ఉన్నాయి. కళ్ళు పక్కకీ, కిందకీ, మళ్ళీ పక్కకీ తిరిగితే గానీ ఆ మాట పూర్తికాదు.

మన లిపికి దగ్గర చుట్టమైన కన్నడం మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. ఇంగ్లీషు అక్షరాలు నేర్చుకోవడానికి పట్టే కాలం కన్నా కన్నడ పిల్లలకి తమ అక్షరాలన్నీ పట్టుబడటానికి చాలా ఎక్కువ కాలం పడుతుందనీ, పై తరగతులకి వచ్చినా ఆ నేర్చుకోవడం సాగుతూనే ఉంటుందనీ అందులో తేలింది. తెలుగు పిల్లల తల్లిదండ్రులకి ఈ సంగతి ఎవరైనా చెబితే ఎంత బాగుండునో. మూడో తరగతి పిల్ల ‘శ్చ’ దగ్గర, ‘త్స్య’ దగ్గర తడబడితే అది మొద్దుతనం కాదు, వెనకబాటూ కాదు. ఆ వయసుకి ఆ పని ఇంకా నడుస్తూనే ఉంటుంది. ‘ఒకటో తరగతిలోనే అక్షరాలన్నీ నేర్పించేశాం’ అని బళ్ళు గొప్పగా చెప్పుకుంటాయి గానీ, నేర్పించడం వేరు, కంటికి అలవాటు కావడం వేరు.

అలాగని ఒత్తు కనపడితే చాలు, మాట కష్టమైపోయిందనీ అనుకోకూడదు. ‘అమ్మ’లో ఒత్తు ఉంది. ‘అన్నం’లో ఉంది. ‘పల్లె’, ‘బియ్యం’, ‘రొయ్య’, ‘అవ్వ’ అన్నిట్లోనూ ఉంది. వీటి దగ్గర ఏ పిల్లా ఆగదు. నెల్లూరు పిలకాయలకి ‘ల్లూ’ రోజూ బస్సు బోర్డు మీద కనపడేదే. చెవికి తెలిసిన మాటని కన్ను సగం చదవగానే నోరు అందుకుంటుంది. హల్లుకి అదే హల్లు ఒత్తుగా వచ్చే మాటలు మన ఇళ్ళల్లో మాట్లాడే తెలుగులో నిండా ఉన్నాయి. కష్టమంతా వేరే హల్లు ఒత్తుగా వచ్చి, ఆ మాట ఇంట్లో ఎప్పుడూ వినపడనప్పుడు. ‘నిశ్శబ్దంగా’ అలాంటి మాట. ‘ఎక్కడా చప్పుడు లేదు’ అని ఉంటే మా పాప రెండో వాక్యానికి వెళ్ళిపోయేది. అర్థం అంతే, ఒత్తూ ఉంది, కానీ చప్పుడు అనే మాట ఇంట్లో రోజూ వినే మాట.

పిల్లల పుస్తకాలు అనువదించే వాళ్ళు ఇక్కడే పొరబడతారని నాకనిపిస్తుంది. ఇంగ్లీషులో తేలికైన మాటకి తెలుగులో పుస్తకాల మాట వేస్తారు. ‘ఆశ్చర్యచకితుడయ్యాడు’ అని రాసే చోట ‘నోరు తెరిచాడు’ అనొచ్చు. ‘ఉత్సాహంగా పరుగెత్తాడు’ అనే చోట ‘గబగబా ఉరికాడు’ అనొచ్చు. ఒక్క మాట మారితే చదివే పిల్లకి ఒక గోడ తగ్గుతుంది.

రెండో చిక్కు మాట పొడవు. మన భాషలో మాటకి మాట అతుక్కుంటూ పోతుంది. ‘రాలేకపోతున్నానని’ అన్నది ఒక్క మాట. ఇంగ్లీషులో చెప్పాలంటే ఆరేడు మాటలు కావాలి. అందువల్ల మాటల సంఖ్యతో పుస్తకానికి స్థాయి కట్టే పద్ధతి తెలుగులో తప్పుదోవ పట్టిస్తుంది. ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్ అనే కథల వెబ్‌సైట్‌లో నాలుగు మెట్లు ఉంటాయి. మొదటి మెట్టు కథలు 250 మాటల లోపు, రెండోది 600 దాకా, మూడోది 1500 దాకా, నాలుగోది ఆ పైన. ఎన్నో భాషల కథలని ఒకచోట పెట్టాలంటే ఏదో ఒక కొలత ఉండాలి కాబట్టి ఆ ఏర్పాటు అర్థమవుతుంది. ఉచితంగా అన్ని తెలుగు కథలు దొరకడం మాలాంటి బళ్ళకి పెద్ద అండ కూడా. కానీ రెండో మెట్టు అని ఉన్నది చూసి కళ్ళు మూసుకుని పిల్ల చేతిలో పెట్టొద్దు. ఒక పేజీ మీరు చదవండి. పొడవాటి మాటలు ఎన్ని, ఇంట్లో వినపడని మాటలు ఎన్ని, వేరే హల్లు ఒత్తుగా వచ్చిన చోట్లు ఎన్ని అని చూడండి. తెలుగు పుస్తకానికి స్థాయి అంటే ఆ మూడే.

సంధి సంగతి కూడా ఉంది. ‘ఎక్కడున్నావు’ అని కలిపి అచ్చువేయాలా, ‘ఎక్కడ ఉన్నావు’ అని విడదీయాలా? విడదీస్తే చదవడం తేలిక, కలిపితే వినడానికి సహజం. నా అనుభవంలో కథ చెప్పే వాక్యాల్లో విడదీసి, పాత్రలు మాట్లాడే చోట కలిపి ఉంచితే రెండూ సాగుతాయి. మాట్లాడే చోట పిల్లలు అక్షరాల వెంట పోకుండా గొంతు వెంట పోతారు.

గొంతు అంటే గుర్తొచ్చింది. మా పిల్లలు ‘ఉన్నాడు’ అనరు, ‘ఉండాడు’ అంటారు. వాచకంలో పిల్లలు, ఇంట్లో పిలకాయలు. పాఠం చెప్పేటప్పుడు ఇది తప్పు, అది ఒప్పు అని దిద్దుతూ పోతే, చదవడం అనేది తన నోటికి చెందని పని అని పిల్లకి అర్థమైపోతుంది. కథ నడిచే భాష వాచక భాషగా ఉండనీ, అందులో అవ్వ మాట్లాడితే నెల్లూరు అవ్వలాగే మాట్లాడనీ. ఒకసారి ‘ఏందిరా అబ్బయ్యా, ఆడే కూసోనుండావు’ అని కాగితం మీద రాసి చూపిస్తే తరగతి తరగతంతా పగలబడి నవ్వింది. తమ మాటని అచ్చులాంటి అక్షరాల్లో చూడటం వాళ్ళకి అదే మొదటిసారి.

ఇక ధైర్యం సంగతికి వస్తాను. పిల్లలకి చదవడంలో ధైర్యం రావాలంటే మెచ్చుకుంటూ ఉండాలని చాలామంది అనుకుంటారు. ‘సూపర్’, ‘వెరీ గుడ్’ అని చప్పట్లు కొట్టిస్తాం. మనస్తత్వ శాస్త్రవేత్త ఆల్బర్ట్ బందూరా 1977లో ‘ఈ పని నేను చేయగలను’ అన్న నమ్మకం ఎక్కణ్ణించి వస్తుందో విడదీసి చెప్పాడు. నాలుగు దారులు. మొదటిది, అన్నిటికన్నా బలమైనది, ఆ పని తనే చేసి గెలవడం. రెండోది, తనలాంటి ఇంకొకరు చేస్తుంటే చూడటం. మూడోది, నువ్వు చేయగలవని పక్కవాళ్ళు చెప్పడం. నాలుగోది, ఆ పని చేసేటప్పుడు ఒంట్లో కలిగే స్థితి, అంటే టెన్షన్, గుండె దడ, చెమటలు. మనం మూడోదాన్ని పట్టుకుని వేలాడుతున్నాం. మొదటిదానికి దారి వేయడం లేదు.

చిన్న అధ్యాయాల పుస్తకం ఆ మొదటి దారి. నాలుగైదు పేజీలకి ఒక అధ్యాయం అయిపోతుంది. ‘ఒకటి అయిపోయింది’ అని పిల్ల తనకు తాను చెప్పుకోగలిగే చోటు అది. ముప్పై రెండు పేజీలు ఒకే ముద్దగా ఉంటే మధ్యలో ఆపితే ఓడినట్టుంటుంది. అధ్యాయం దగ్గర ఆపితే మిగిలింది రేపు చదువుదాం అన్నట్టుంటుంది. పేజీలు అవే, ఆగే చోటు మారింది. పైగా ఒకే పాత్రలు అన్ని అధ్యాయాల్లోనూ వస్తాయి కాబట్టి వాళ్ళ పేర్లు, ఊరి పేరు, అటూ ఇటూ తిరిగే మాటలు మళ్ళీ మళ్ళీ కంటపడతాయి. రెండో అధ్యాయం మొదటిదాని కన్నా తేలికవుతుంది. మూడోది ఇంకా తేలిక. తనకి చదవడం వస్తోందని పిల్లకి ఎవరూ చెప్పక్కర్లేదు, తనకే తెలుస్తుంది. ఒక మాటని తనంతట తాను కూడబలుక్కుని సరిగ్గా చదివిన ప్రతిసారీ ఆ మాట కంటికి మరికాస్త అతుక్కుంటుందనీ, పిల్లలు అలా తమకు తామే గురువులవుతారనీ డేవిడ్ షేర్ అనే పరిశోధకుడు 1995లో వాదించాడు. రోజూ తరగతిలో చూస్తున్నదానికి అది సరిగ్గా సరిపోతుంది.

అందుకే కష్టమైన మాటలు అసలు ఉండకూడదని నేను అనను. ‘నిశ్శబ్దం’ రావాలి. అధ్యాయానికి ఒకటో రెండో అలాంటి మాటలు వచ్చి, అవే మూడు నాలుగుసార్లు కనపడాలి. ఒకసారి కనపడి మాయమైపోయే కష్టమైన మాట పిల్లని కొట్టి పోతుంది. నాలుగుసార్లు వచ్చే మాట చివరికి లొంగుతుంది.

నాలుగో దారి గురించి ఇంకొంచెం చెప్పాలి. మా చిన్నప్పుడు మార్కాపురం పలకల మీద దిద్దుకున్నాం. తప్పు రాస్తే అరచేత్తో తుడిచేసేవాళ్ళం, ఎవరికీ తెలిసేది కాదు. చదవడంలో అలాంటి పలక ఉండదు. లేచి నిలబడి చదవమంటే తప్పు తరగతి అంతటికీ వినపడుతుంది. మూడో తరగతికి వచ్చేసరికి కొందరు పిల్లలు లేచి నిలబడగానే గొంతు పూడుకుపోవడం నేను చూశాను. వాళ్ళకి అక్షరాలు వచ్చు. నలుగురిలో నిలబడి చదవాలంటే ఒళ్ళు సహకరించదు. ఒక మూల కూర్చుని ఒంటరిగా చదువుకోగలిగిన చిన్న పుస్తకం ఆ పలక లాంటిది. తప్పు చదివినా, వెనక్కి వెళ్ళినా, మాట దాటేసినా అడిగేవాళ్ళుండరు.

అయితే ఆ పుస్తకం ఒంటరిగా చదువుకోగలిగేంత తేలికగా ఉండాలి. దీనికి ఎమ్మెట్ బెట్స్ అనే ఆయన 1946లో ఒక కొలత చెప్పాడు, ఇప్పటికీ టీచర్లు వాడుతుంటారు. నూరు మాటల్లో తప్పులు ఒకటికి మించకుండా చదివితే ఆ పుస్తకాన్ని పిల్ల ఒంటరిగా చదువుకోవచ్చు. ఐదు దాకా తప్పితే పెద్దవాళ్ళు పక్కన ఉండాలి. పదికి మించితే ఆ పుస్తకం ఆ పిల్లకి ఇప్పుడు వద్దు. ఇది ఇంగ్లీషు కొలతే, మన పొడవాటి మాటలకి అచ్చంగా వర్తించదు. అయినా ఉజ్జాయింపుగా పనికొస్తుంది. పేజీలో నలభై మాటలుంటే, పిల్ల తడబడిన ప్రతిసారీ నేను ఒక వేలు ముడుస్తాను. రెండు వేళ్ళు ముడిస్తే పక్కన కూర్చుంటాను. చెయ్యంతా ముడుచుకుపోతే ‘దీన్ని దసరా సెలవుల తర్వాత చదువుదాం’ అని ఇంకోటి ఇస్తాను. ‘నీకు రాదు’ అనే మాట ఎత్తను.

చదవడం వచ్చినవాళ్ళు ఎక్కువ చదివి ఇంకా ముందుకుపోతారు, రానివాళ్ళు తప్పించుకుని తిరిగి ఇంకా వెనకబడతారు. కీత్ స్టానోవిచ్ అనే పరిశోధకుడు 1986లో ఈ సంగతిని విప్పి చూపించాడు. పల్లెల్లో పిల్లల చదువు ఎలా ఉందో సర్వే చేసి చెప్పే అసర్ నివేదికలు చూస్తే ఈ ఎడం మన దేశంలో ఎంత పెద్దదో తెలుస్తుంది. గ్రామీణ భారతంలో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి స్థాయి కథ చదవగలిగినవాళ్ళు 2022లో 20.5 శాతం, 2024లో 27.1 శాతం. కోవిడ్ దెబ్బ నుంచి కోలుకున్నా నలుగురిలో ఒకరి దగ్గరే ఉన్నాం. అసర్ వాళ్ళు పెట్టే పరీక్షలో అక్షరాలు, మాటలు, చిన్న పేరా, ఆ తర్వాత కథ అని మెట్లుంటాయి. పేరా దాకా వచ్చి కథ దగ్గర ఆగిపోయే పిల్లలే నేను మాట్లాడుతున్న పిల్లలు.

బొమ్మల మీద తల్లిదండ్రులకి ఒక అనుమానం ఉంటుంది. ‘బొమ్మ చూసి చెప్పేస్తున్నాడు టీచర్, చదవడం లేదు.’ ఇందులో నిజం ఉంది. పేజీలో ఒకటే గేదె, కింద ‘గేదె’ అని ఉంటే ఎవరైనా బొమ్మ చూసే చెబుతారు. అక్షరాల మీదికి కన్ను పోదు. అక్షరాలు చూడకుండా బొమ్మని బట్టి ఊహించడం అలవాటైన పిల్లలు తర్వాత ఇబ్బంది పడతారు కూడా. అందుకే ఈ మధ్య మెట్టు పుస్తకాల్లో బొమ్మ పని మారిపోవాలి. అది మాటకి జవాబు చెప్పకూడదు, కథలోకి ఊతం ఇవ్వాలి. రొయ్యల గుంట గట్టు, గట్టు మీద లాంతరు పట్టుకున్న తాత, దూరంగా చీకటి. ఇవన్నీ బొమ్మలో ఉంటే వర్ణించే వాక్యాలు నాలుగు తగ్గుతాయి. కానీ తాత ఏమన్నాడో తెలియాలంటే చదివి తీరాలి. బొమ్మ పేజీ కింద ఉంటే ఇంకా మంచిది. ముందు చదివి, తర్వాత ‘ఆ, నేను అనుకున్నట్టే ఉంది’ అనుకుంటుంది పిల్ల.

1947 జులైలో మొదలైన చందమామలో బొమ్మ లేని పేజీ వెతికితే గానీ దొరికేది కాదు. మన పెద్దవాళ్ళల్లో ఎంతమంది ఆ బొమ్మల కోసం పత్రిక పట్టుకుని, అక్షరాల్లోకి జారి, చదువరులయ్యారో వాళ్ళనే అడగండి. వయసొచ్చిన పిల్లలకి బొమ్మలెందుకు అనేవాళ్ళకి నేను చెప్పే జవాబు అదే.

అచ్చు కూడా ముఖ్యమే. తెలుగులో ఒత్తులు వాక్యం కిందికి దిగుతాయి, గుడులు పైకి లేస్తాయి. వరసకీ వరసకీ మధ్య చోటు తక్కువైతే పై వరస ఒత్తు కింది వరస గుడిని తాకినట్టుంటుంది. అలవాటైన కళ్ళకి ఫరవాలేదు, కొత్త కళ్ళకి అది ముళ్ళకంప. ఇంకో దురలవాటు, వరస చివర మాటని విరగ్గొట్టి మిగతాది కింద వేయడం. పేపర్లలో రోజూ చూస్తాం. పిల్లల పుస్తకంలో అది చేయకూడదు. కుడివైపు అంచు వంకరటింకరగా ఉన్నా సరే, మాట విరగకూడదు. ఇవన్నీ పెద్దగా ఖర్చు లేని పనులు. పదహారు పేజీల ఫారాలు రెండో మూడో, లోపల నలుపు తెలుపు గీతల బొమ్మలు, అట్టకి మాత్రం రంగులు అనుకుంటే ధర కూడా అందుబాటులోనే ఉంటుంది.

చదవడం ధైర్యం ఇస్తుందన్న మాటకి పెద్ద సాక్ష్యం మా జిల్లాలోనే ఉంది. అది పిల్లల కథ కాదు. 1990ల మొదట్లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. పగలంతా కూలికి పోయి వచ్చిన ఆడవాళ్ళు రాత్రి బళ్ళల్లో లాంతర్ల దగ్గర అక్షరాలు దిద్దారు. వాళ్ళ వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం ఉంది. సారా వల్ల సంసారం ఎలా చితికిపోతుందో చెప్పే పాఠం. చదివినవాళ్ళకి అది పాఠంలా లేదు, పక్కింటి సంగతిలా, తమ ఇంటి సంగతిలా ఉంది. పాఠం దగ్గర ఆగి మాట్లాడుకున్నారు. కలిగిరి మండలం దూబగుంట ఆడవాళ్ళు తమ ఊళ్ళో సారా అమ్మకం ఆపించారు. ఆ తర్వాత వచ్చిన వాచకంలో దూబగుంట కథే పాఠమైంది. ఆ పాఠం చదివిన ఊళ్ళల్లో ఆడవాళ్ళు ‘వాళ్ళు చేసింది మనం చేయలేమా’ అనుకున్నారు. 1993కి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. ఉద్యమానికి ఇంకా ఎన్నో కారణాలున్నాయి, వాచకం ఒక్కటే చేసిందని నేను అనను. కానీ బందూరా చెప్పిన రెండో దారి, తనలాంటివాళ్ళు చేస్తుంటే చూడటం, అచ్చు అక్షరాల మీదుగా ఊరూరికీ నడిచిందని మాత్రం అనగలను. ఆ పాఠాలు పొట్టివి, మాటలు తెలిసినవి, విషయం తమది. కొత్తగా చదివేవాళ్ళ పుస్తకానికి కావలసినవన్నీ అందులో ఉన్నాయి.

యానాది కాలనీ నుంచి మా బడికి వచ్చే పిల్లలకి కొరమీను ఎక్కడ దాక్కుంటుందో, ఏ నీళ్ళల్లో మట్టగిడస దొరుకుతుందో నాకన్నా బాగా తెలుసు. చదివే పుస్తకంలో ఆ చేప ఒకటి కనపడితే వాళ్ళ నడుం నిటారుగా అవుతుంది. అలాగని ఊరి కథలు మాత్రమే ఇవ్వాలని కాదు. మంచు ఎప్పుడూ చూడని మా పిల్లలు రష్యా మంచు కథలంటే ప్రాణం పెడతారు. మొదటి అడుగు తెలిసిన నేల మీద వేయనిద్దాం అంటున్నాను, అంతే.

ఇంకో మాట తల్లులు అడుగుతారు. ‘తెలుగు కథలెందుకు టీచర్, ఇంగ్లీషువి ఇయ్యండి.’ మన రాష్ట్రంలో 2020 నుంచి బడి పుస్తకాలు ఒకవైపు తెలుగు, ఒకవైపు ఇంగ్లీషుగా వస్తున్నాయి కాబట్టి ఈ ఆరాటం సహజం. మొహర్రం అప్పుడు నెల్లూరులో బారాషహీద్ దర్గా దగ్గర, రొట్టెల పండగలో, స్వర్ణాల చెరువు నీళ్ళల్లో పిల్లలకి చదువు రావాలని చదువు రొట్టె కోసం నిలబడే తల్లుల్ని చూస్తే ఆ ఆరాటం ఎంతదో తెలుస్తుంది. వాళ్ళకి నేను లెక్కలో చెబుతాను. గఫ్, టన్మర్ అనే ఇద్దరు 1986లో చదవడాన్ని ఒక గుణకారంగా చెప్పారు. అక్షరాలని మాటగా పలకగలగడం ఒకటి, ఆ మాట వింటే అర్థం కావడం ఇంకొకటి. రెండిటినీ గుణిస్తే వచ్చేది చదవడం. ఒకటి సున్న అయితే మొత్తం సున్నే. అర్థం తెలియని ఇంగ్లీషుని గడగడా పలికే పిల్ల చదువుతున్నట్టు కనపడుతుంది గానీ ఆ లెక్కలో ఏమీ మిగలదు. తెలిసిన భాషలో ఒక పుస్తకం పూర్తిచేసిన పిల్ల, పుస్తకం అంటే ఏమిటో, కథ ఎలా నడుస్తుందో, తెలియని మాట దగ్గర ఏం చేయాలో నేర్చుకుని ఇంగ్లీషు దగ్గరికి వెళ్తుంది.

చదివించేటప్పుడు నేను మొదటి అధ్యాయం పైకి చదివి వినిపిస్తాను. రెండోది ఇద్దరం వంతులవారీగా చదువుతాం. మూడోది పిల్ల చదువుతుంది, నేను వింటాను. తప్పు చదివితే వెంటనే అందించను. వాక్యం పూర్తయ్యేదాకా ఆగితే సగంసార్లు తనే వెనక్కి వెళ్ళి సరిచేసుకుంటుంది. అదే అధ్యాయాన్ని మర్నాడు మళ్ళీ చదవమంటాను. ఒకే భాగాన్ని పదే పదే చదవడం వల్ల వేగం, పట్టు రెండూ పెరుగుతాయని జే శామ్యూల్స్ అనే పరిశోధకుడు 1979లోనే చెప్పాడు. పుస్తకాల కోసం హైదరాబాద్‌లోని మంచి పుస్తకం, నేషనల్ బుక్ ట్రస్ట్, చెన్నైలోని తూలిక వాళ్ళ తెలుగు ప్రచురణలు చూడొచ్చు.

అవీ చాలక మేమే ఒకటి తయారుచేసుకున్నాం. ఒక పిల్లవాడి ఇంట్లో గేదె తప్పిపోయి రెండు రోజుల తర్వాత దొరికింది. ఆ సంగతి తరగతిలో చెప్పించి, వాళ్ళ మాటల్లోనే రాసి, కాగితాలు మడిచి స్టేపుల్ కొట్టాం. పదహారు పేజీలు, నాలుగు అధ్యాయాలు. తాడు తెగింది. గట్టు మీద అడుగులు. చీకటి పడింది. మెడలో గంట. బొమ్మలు వాళ్ళే వేశారు. మూడో అధ్యాయంలో ‘నిశ్శబ్దం’ నాలుగుసార్లు వచ్చేలా చూసుకున్నాను. మొదటిసారి వచ్చిన చోట, అందరూ మూతి మీద వేలు పెట్టుకుని నిలబడిన బొమ్మ.

ఆ పాప దాన్ని ఒక శుక్రవారం ఇంటికి తీసుకెళ్ళింది. వాళ్ళ అవ్వకి చదువు రాదు. సోమవారం పుస్తకం తిరిగి ఇవ్వమంటే సంచిలోంచి తీసి, చేతిలో పెట్టుకుని నిలబడింది. మూడు అధ్యాయాలు చదివేసరికి కరెంటు పోయిందట. ‘గేదె దొరికిందో లేదో చెప్పకుండా పడుకుంటే ఎట్టా అని అవ్వ తిట్టింది టీచర్. నిన్న మిగిలింది చదివినా. ఇప్పుడు మళ్ళీ మొదట్నించి చదవమంటా ఉంది. రేపిస్తాలే’ అంది.